అన్ని వేదికల మీదా ఒకే పేరు: సంఘాలు యూజర్‌నేమ్‌ను ఎంచుకోవడం, కాపాడుకోవడం ఎలా?

ఒక ఊళ్లో దళితులపై దాడి జరిగిందన్న వార్త బయటికి రాగానే జనం ఫోన్ తీసి వెతుకుతారు. నిజనిర్ధారణకు ఎవరు వెళ్లారు, ధర్నా ఎక్కడ, బాధిత కుటుంబానికి సాయం ఏ ఖాతాకు పంపాలి అని చూస్తారు. అప్పుడు సంఘం పేరు ఫేస్‌బుక్‌లో ఒకలా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకోలా, యూట్యూబ్‌లో మరోలా ఉంటే ఏది అసలో, ఏది నకిలీయో తేల్చుకోవడం కష్టం. నకిలీ ఖాతా నడిపేవాడికి కావలసింది సరిగ్గా ఆ గందరగోళమే.

2018 మార్చి 20న ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చేలా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దానికి నిరసనగా ఏప్రిల్ 2న జరిగిన భారత్ బంద్ పిలుపు ప్రధానంగా సోషల్ మీడియా ద్వారానే పల్లెపల్లెకూ పాకింది. పెద్ద పత్రికలు, టీవీ చానళ్లు మన చేతుల్లో లేనప్పుడు పిలుపు ఇలాగే వెళ్తుంది. కానీ పిలుపును జనం నమ్మాలంటే అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలియాలి. ఆ గుర్తింపును మోసేది యూజర్‌నేమ్. వ్యాపార కంపెనీలు దీన్ని బ్రాండ్ పని అంటాయి. మనకు ఇది ఉద్యమ విశ్వసనీయతకు సంబంధించిన పని.

యూజర్‌నేమ్ వేరు, పైన కనబడే పేరు వేరు

ప్రతి ఖాతాకూ రెండు పేర్లుంటాయి. ప్రొఫైల్ ఫొటో పక్కన పెద్ద అక్షరాల్లో కనబడేది డిస్‌ప్లే నేమ్. దాన్ని తెలుగులో రాసుకోవచ్చు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అదే పేరు వెయ్యి మంది పెట్టుకోవచ్చు. రెండోది యూజర్‌నేమ్, అంటే హ్యాండిల్. ‘ఎట్’ గుర్తు తర్వాత వచ్చేది ఇదే. ఒక వేదిక మీద ఒక హ్యాండిల్ ఒక్కరికే దొరుకుతుంది. మన ఖాతా లింక్‌లో ఉండేదీ, ఎవరైనా మనల్ని ట్యాగ్ చేస్తే పడేదీ ఇదే. నకిలీ ఖాతా మన ఫొటో, మన డిస్‌ప్లే నేమ్, మన పరిచయ వాక్యం అన్నీ కాపీ కొట్టగలదు. మన హ్యాండిల్‌ను మాత్రం కొట్టలేదు. అందుకే అక్షరం అటూ ఇటూ మార్చి, చివర ఒక అంకె చేర్చి పని కానిస్తుంది.

ఒకప్పుడు బ్లూ టిక్ చూసి అసలు ఖాతాను గుర్తుపట్టేవాళ్లం. ట్విట్టర్ 2023 ఏప్రిల్‌లో పాత టిక్‌లను తీసేసింది. ఇప్పుడు ఎక్స్‌లో డబ్బు కట్టినవారికి టిక్ వస్తుంది. దీనివల్ల ఏం జరగొచ్చో 2022 నవంబర్‌లోనే తెలిసింది. ఎలీ లిల్లీ అనే అమెరికా మందుల కంపెనీ పేరుతో ఎవరో ఖాతా తెరిచి, డబ్బు కట్టి టిక్ తెచ్చుకుని, ఇన్సులిన్ ఇక ఉచితమని ప్రకటించారు. అసలు కంపెనీ తన ఖాతాలో క్షమాపణతో వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే ఆ తిప్పలు తప్పలేదు. ప్రచార విభాగం, వకీళ్లు లేని సంఘానికి మిగిలేది ముందుజాగ్రత్తే.

ఏ వేదికలో ఏం కుదురుతుంది?

ప్రతి వేదికకూ తన నియమాలున్నాయి. పేరు పెట్టుకునే ముందే వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి.

- ఎక్స్: గరిష్ఠంగా 15 అక్షరాలు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. చుక్క కుదరదు.
- ఇన్‌స్టాగ్రామ్: గరిష్ఠంగా 30. అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్. థ్రెడ్స్‌లోనూ ఇదే పేరు వస్తుంది.
- ఫేస్‌బుక్ పేజీ: కనీసం 5, గరిష్ఠంగా 50. అక్షరాలు, అంకెలు, చుక్క. చుక్క ఉన్నా లేకున్నా ఫేస్‌బుక్ లెక్కలో ఒకే పేరు. అండర్‌స్కోర్ కుదరదు.
- యూట్యూబ్: 3 నుంచి 30. 2022 అక్టోబర్‌లో హ్యాండిళ్లు ప్రవేశపెట్టింది.
- టెలిగ్రామ్: కనీసం 5, గరిష్ఠంగా 32. అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్. మొదటిది అక్షరమే కావాలి.
- వాట్సాప్ చానల్: ఒకే పేరుతో పలు చానళ్లు ఉండొచ్చు. అసలుదానికి గుర్తు దాని లింకే.

వీటన్నిటిలోనూ కుదిరే పేరు ఎలా ఉండాలి? 5 నుంచి 15 అక్షరాల మధ్య ఉండాలి. అక్షరంతో మొదలవ్వాలి. చుక్క, గీత ఏమీ ఉండకూడదు, ఎందుకంటే ఎక్స్ చుక్కను ఒప్పుకోదు, ఫేస్‌బుక్ అండర్‌స్కోర్‌ను ఒప్పుకోదు. ఈ కొలతలో పట్టే పేరు ఎంచుకుంటే మిగతా పని సగం అయినట్టే.

అంబేడ్కర్ పత్రికల పేర్లతో ఒక పరీక్ష

పేరు ఎక్కడ చిక్కు పెడుతుందో తెలుసుకోవడానికి బాబాసాహెబ్ నడిపిన నాలుగు పత్రికల పేర్లనే తీసుకుందాం: మూక్‌నాయక్ (1920), బహిష్కృత్ భారత్ (1927), జనతా (1930), ప్రబుద్ధ భారత్ (1956). ఇవే ఈ రోజు యూజర్‌నేమ్‌లుగా పెట్టాల్సి వస్తే ఒక్కోటి ఒక్కో సమస్య చూపిస్తుంది.

మూక్‌నాయక్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 9 వస్తాయి. చోటుకు ఇబ్బంది లేదు. చిక్కు స్పెల్లింగ్‌తో. ‘మూ’కు ఎం తర్వాత రెండు ఓలు పెడతారా, ఒక యూ పెడతారా? వెతికేవాళ్లలో రెండు రకాలవాళ్లూ ఉంటారు. 2021లో ఈ పేరును మళ్లీ ఎత్తుకున్న వార్తా వెబ్‌సైట్ ముందు ‘ది’ చేర్చుకుని ‘ది మూక్‌నాయక్’ అయింది. గొప్ప చారిత్రక పేరును ఎవరైనా ఎత్తుకునే అవకాశం ఉన్నప్పుడు ఇలా చిన్న తేడా చేర్చుకోవడం మంచి పద్ధతి. అయితే ఆ తేడా అన్ని చోట్లా ఒకేలా ఉండాలి.

బహిష్కృత్ భారత్‌కు మామూలు స్పెల్లింగ్‌లో 16 అక్షరాలవుతాయి. ఎక్స్‌లో ఒక్క అక్షరం పట్టదు. చాలా సంఘాలు ఇక్కడే పొరపాటు చేస్తాయి. మిగతా అన్ని చోట్లా పూర్తి పేరు తీసుకుని, చివర్లో ఎక్స్‌కు వచ్చేసరికి ఏదో ఒక అక్షరం కొరికేస్తాయి. దాంతో ఒకే సంఘానికి రెండు పేర్లవుతాయి. అన్నిటికంటే ఇరుకైన వేదికతో మొదలుపెట్టి, అక్కడ పట్టిన పేరునే మిగతా చోట్లకు తీసుకెళ్లాలి.

జనతా మరీ సాధారణమైన మాట. పార్టీలకు, బ్యాంకులకు, హోటళ్లకు, బట్టల కొట్లకు కూడా ఆ పేరుంది. అలాంటి ఒంటి మాట హ్యాండిల్‌గా దొరకడం దాదాపు అసాధ్యం. దొరికినా వెతుకులాటలో మనం పైకి రాం. ‘జై భీమ్’ కూడా అంతే. అది కోట్లమంది నోట పలికే పలకరింపు. 2021లో అదే పేరుతో సినిమా వచ్చాక ఆ మాటతో వెతికితే సినిమా క్లిప్పులూ కుప్పగా వస్తాయి. అందరి మాటను ఒక సంఘం సొంత గుర్తుగా వాడుకోవాలంటే దాని పక్కన మరో మాట ఉండాలి.

ప్రబుద్ధ భారత్ సరిగ్గా 15 అక్షరాలు. ఎక్స్‌లో అంచుకు పడుతుంది. కానీ ‘ప్రబుద్ధ భారత’ పేరుతో రామకృష్ణ మఠానికి 1896 నుంచీ ఒక ఇంగ్లిష్ మాసపత్రిక ఉంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండింటికీ తేడా చివరి ఏ ఒక్కటే. భావాల రీత్యా ఆ రెండు పత్రికలూ ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. సెర్చ్ పెట్టెకు ఆ దూరం తెలియదు.

పత్రికల విషయంలో కనీసం ఒక కాపలా ఉంది. కొత్త పత్రిక పెట్టాలంటే శీర్షిక అనుమతి కావాలి. దేశంలో అదే భాషలో గానీ, అదే రాష్ట్రంలో వేరే భాషలో గానీ ఆ పేరుతో, దాన్ని పోలిన పేరుతో మరో పత్రిక ఉంటే ఒప్పుకోరు. సోషల్ మీడియాలో అలాంటి పరిశీలన లేదు. ముందు వచ్చినవారిదే పేరు.

తెలుగు నేల మీద ఎదురయ్యే చిక్కులు

మొదటిది ‘త’. మనం ‘సమత’, ‘చైతన్య’ రాసేటప్పుడు టీ తర్వాత హెచ్ పెడతాం, ఎందుకంటే ఒట్టి టీని ‘ట’ కోసం ఉంచుకుంటాం. హిందీ, మరాఠీ వాళ్లు ‘త’కు టీ ఒక్కటే రాస్తారు. సంఘం తెలుగు రాష్ట్రాలకే పరిమితమా, దేశమంతా చేరాలా అన్నదాన్ని బట్టి స్పెల్లింగ్ తేల్చుకోవాలి. భీమ్‌కు రెండు ఈలా, ఒక ఐ అన్నదీ ఇలాంటిదే. తేల్చుకున్నాక బ్యానర్ మీద, కరపత్రం మీద, రబ్బర్ స్టాంపు మీద అదే స్పెల్లింగ్ ఉండాలి. వీలైతే రెండో స్పెల్లింగ్‌తో కూడా ఒక ఖాతా తెరిచి, అందులో ‘మా అసలు ఖాతా ఇది’ అని లింక్ పెట్టి వదిలేయండి. తెలుగు డిస్‌ప్లే నేమ్‌లో కూడా అంబేడ్కర్, అంబేద్కర్ అనే రెండు రూపాల్లో ఏదో ఒకటే వాడండి.

రెండోది పొట్టి పేర్లు. ఎంఆర్‌పీఎస్, కేవీపీఎస్ లాంటివి జనం నోళ్లలో నానిన పేర్లే, కానీ నాలుగు అక్షరాలే. ఏఎస్ఏ అయితే మూడే. ఫేస్‌బుక్, టెలిగ్రామ్ అయిదుకు తక్కువ ఒప్పుకోవు. పైగా అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పేరుతో వేర్వేరు క్యాంపస్‌లలో సంఘాలున్నాయి. కాబట్టి ఊరో, విశ్వవిద్యాలయమో తోక చేర్చాలి. ఆ తోకలోనూ జాగ్రత్త కావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని విద్యార్థులు హెచ్‌సీయూ అంటారు, కాగితాల మీద యూఓహెచ్ అంటారు. కొందరు ఒకటి, కొందరు మరొకటి వాడితే రెండు సంఘాలున్నట్టు కనబడుతుంది.

మూడోది రాష్ట్రం పేరు. 2014 విభజన తర్వాత ఏపీ కమిటీ, టీఎస్ కమిటీ అని పేర్ల చివర తోకలు చేరాయి. 2024లో తెలంగాణ సంక్షిప్త నామం టీఎస్ నుంచి టీజీకి మారింది. ఖాతా పేర్లలో టీఎస్ పెట్టుకున్నవాళ్లకు రెండే దారులు మిగిలాయి: పాతబడ్డ పేరుతో కొనసాగడం, లేదా పేరు మార్చుకుని పాత లింక్‌లన్నీ పోగొట్టుకోవడం. ప్రభుత్వం మార్చగలిగే సంక్షిప్తాలను హ్యాండిల్‌లో పెట్టకపోవడమే మేలు. పూర్తి మాట పట్టకపోతే జిల్లా కేంద్రం పేరో, ఊరి పేరో నయం.

నాలుగోది భద్రత. సంఘం ఖాతాను కార్యకర్త పేరుతో గానీ, ఇంటిపేరుతో గానీ పెట్టకండి. ఇంటిపేరు, ఊరి పేరు కలిస్తే మనిషినీ, కులాన్నీ, ఇంటినీ పట్టుకోవడం ఎంతసేపు? బూతులు, బెదిరింపులు ముందుగా వచ్చి పడేది మహిళా కార్యకర్తల మీదే. ప్రొఫైల్‌లో వ్యక్తిగత ఫోన్ నంబర్ కాకుండా సంఘం ఈమెయిల్ ఇవ్వాలి.

కోరుకున్న పేరు ముందే పోయి ఉంటే

ఒక్క వేదికలో దొరకకపోతే ఆ ఒక్కచోటే వేరే పేరు పెట్టుకుందామన్న ఆలోచన వస్తుంది. దానికంటే అన్ని చోట్లా దొరికే మరో పేరుకు మారడం మంచిది. చివర ఊరి పేరు, ‘వేదిక’, ‘సంఘం’, ‘ఇండియా’ లాంటి మాట చేర్చి చూడండి. అంకెలు, వరస అండర్‌స్కోర్లు వద్దు. నకిలీ ఖాతాలు వాడేవి అవే. పైగా మైకులో చెప్పేటప్పుడు, ఫోన్‌లో చెప్పేటప్పుడు అవి ఎవరికీ అర్థం కావు. పేరును ఒకసారి గట్టిగా పలికి, పక్కవాళ్లను టైప్ చేయమనండి. మొదటిసారే సరిగ్గా కొడితే ఆ పేరు పనికొస్తుంది.

‘మీ పేరు నా దగ్గరుంది, డబ్బు పంపితే ఇస్తా’ అనేవాళ్లకు ముందుగా డబ్బు పంపకండి. పంపాక ఇవ్వకపోతే మీకు దిక్కుండదు. సంఘం పేరు ట్రేడ్‌మార్క్‌గా నమోదై ఉంటే, ఆ పేరును వాడుకుంటున్నవారి మీద వేదికకు ఫిర్యాదు చేసే బలం వస్తుంది. నమోదు 10 ఏళ్లు ఉంటుంది, పొడిగించుకోవచ్చు.

సొంత డొమైన్ కూడా కొనిపెట్టుకోవాలి. ఏటా కట్టే కొద్ది డబ్బుతో అది మన ఆధీనంలో ఉంటుంది. బ్లూస్కైలో అయితే ఆ డొమైన్‌నే హ్యాండిల్‌గా వాడుకోవచ్చు. ఒకటి మాత్రం మరవకండి: వేదిక మీద ఉన్న హ్యాండిల్ మన ఆస్తి కాదు. 2023 జులైలో ట్విట్టర్ ఎక్స్‌గా మారినప్పుడు, ఏళ్ల తరబడి ‘ఎక్స్’ అనే ఒంటి అక్షరం హ్యాండిల్ వాడుతున్న ఒక అమెరికా ఫొటోగ్రాఫర్ దగ్గర్నుంచి కంపెనీ దాన్ని డబ్బేమీ ఇవ్వకుండానే తీసేసుకుంది. నిజనిర్ధారణ నివేదికలు, సభల వీడియోలు, పాత ఫొటోలు సోషల్ మీడియాలో మాత్రమే ఉంటే అవీ అంతే సులువుగా పోవచ్చు. వాటికి మరో ప్రతి మన దగ్గరుండాలి.

తాళం ఎవరి దగ్గర?

పేరు దక్కించుకోవడం ఒక రోజు పని. నిలబెట్టుకోవడం ఏళ్ల పని. ఖాతాలు ఎక్కువగా పోయేది బయటి హ్యాకర్ వల్లే అనుకుంటాం. సంఘాల్లో అసలు బలహీనత లోపలే ఉంటుంది. ఉత్సాహవంతుడైన ఒక కార్యకర్త తన ఫోన్ నంబర్‌తో, తన సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరుస్తాడు. తర్వాత చదువు ముగించుకుని వెళ్లిపోతాడు, లేదా ఉద్యోగంలో చేరతాడు, లేదా సంఘంతో విభేదిస్తాడు. పేరు సంఘానిది, తాళం అతని జేబులో.

చీలికలు మన ఉద్యమ చరిత్రలో కొత్త కాదు. 1957లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా ఎన్నో వర్గాలైంది. కాగితం మీద నాయకుల పేర్లు బ్రాకెట్లలో పెట్టి వాటిని వేరు చేసుకుంటున్నాం. హ్యాండిల్‌లో బ్రాకెట్‌కు చోటు లేదు. ఏ వర్గం చేతిలో పాస్‌వర్డ్ ఉంటే ఆ వర్గమే బయటి ప్రపంచానికి అసలు సంఘంగా కనబడుతుంది. ఏళ్లుగా పోగైన వేలాది అనుచరులు, నివేదికలు, ఫొటోలు ఆ పాస్‌వర్డ్‌తో పాటే వెళ్లిపోతాయి. అందుకే స్నేహంగా ఉన్నప్పుడే ఈ కింది ఏర్పాట్లు చేసుకోవాలి.

- ఖాతాలన్నీ సంఘం ఈమెయిల్‌తోనే తెరవాలి. ఆ ఈమెయిల్‌ను వాడుతూ ఉండాలి. రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత గూగుల్ ఖాతాలను ఆ కంపెనీ తొలగించవచ్చు.
- ఖాతాకు ఇచ్చిన సిమ్‌ను రీచార్జ్ చేస్తూ ఉండాలి. వాడకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబర్ రద్దయి కొన్నాళ్లకు వేరొకరికి వెళ్తుంది. ఓటీపీలు కూడా వాళ్లకే వెళ్తాయి.
- రెండంచెల రక్షణ తప్పనిసరి. వీలైనచోట ఎస్ఎంఎస్ బదులు ఆథెంటికేటర్ యాప్ వాడాలి. బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి ఇద్దరు బాధ్యుల దగ్గర వేర్వేరుగా ఉంచాలి.
- ఫేస్‌బుక్ పేజీకి పూర్తి అధికారం ఉన్న అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి. యూట్యూబ్ చానల్‌కు కూడా ఒక్కరి మీదే ఆధారపడకుండా అనుమతులు పంచాలి.
- ఖాతాల జాబితా, వాటి బాధ్యులెవరు అన్నది తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయాలి. సొసైటీగా రిజిస్టరైన సంఘానికి వివాదం వస్తే ఈ తీర్మానమే చూపించుకోదగ్గ కాగితం.
- విద్యార్థి సంఘాలు కొత్త కమిటీ ఎన్నికైన రోజే పాస్‌వర్డ్‌లు మార్చి, బాధ్యత అప్పగించాలి.

పేరు మార్చాల్సి వస్తే తొందరపడకండి. మార్చగానే పాత హ్యాండిల్ వెంటనే గానీ, కొన్నాళ్లకు గానీ ఖాళీ అవుతుంది. ఎవరైనా దాన్ని తీసుకుని మన పాత లింక్‌లు నొక్కేవాళ్లందరినీ తనవైపు తిప్పుకోవచ్చు. యూట్యూబ్ పాత హ్యాండిల్‌ను 14 రోజులు మాత్రమే పట్టి ఉంచుతుంది. ఎక్స్‌లో పేరు మార్చిన వెంటనే పాత పేరుతో మరో ఖాతా తెరిచి ఉంచుకోవాలి.

నకిలీ ఖాతా కనబడితే

ముందు ఆధారాలు తీయండి. ప్రొఫైల్, పోస్టులు, డబ్బు అడిగిన మెసేజ్‌లు, క్యూఆర్ కోడ్, పూర్తి లింక్, తేదీ, సమయం అన్నీ స్క్రీన్‌షాట్‌లో రావాలి. కోర్టుకు వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. కాబట్టి ఏ ఫోన్‌తో, ఎవరు తీశారో రాసి ఉంచుకోండి.

తర్వాత మన అన్ని ఖాతాల్లోనూ ఒకే మాటలతో ప్రకటన పెట్టాలి. అన్ని చోట్లా ఒకే హ్యాండిల్ ఉంటే ‘ఈ పేరు కాక మరేదీ మాది కాదు’ అని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఇంత సేపూ చెప్పుకున్న పనికి ఫలితం దక్కేది ఇక్కడే.

వేదికలోని ఫిర్యాదు ఫారంతో పాటు ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ రాయాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం పెద్ద వేదికలన్నీ ఆ అధికారిని నియమించాలి. ఒక వ్యక్తిగా నటిస్తూ పెట్టిన నకిలీ విషయం మీద ఆ వ్యక్తి గానీ, వారి తరఫున మరొకరు గానీ ఫిర్యాదు చేస్తే తొలగింపు చర్యలకు ఆ నిబంధనలు మొదట పెట్టిన గడువే 24 గంటలు. జవాబు సంతృప్తిగా లేకపోతే 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు.

డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కంప్యూటర్ సాయంతో మారువేషం వేసి మోసం చేయడం ఐటీ చట్టం సెక్షన్ 66డి కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పాస్‌వర్డ్ దొంగిలిస్తే 66సి వర్తిస్తుంది. ఆ ఖాతా కులం పేరుతో అవమానిస్తే అత్యాచారాల నిరోధక చట్టాన్ని కూడా చేర్చమని అడగాలి. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోలోని అవమానం కూడా ప్రజల కంటికి కనబడేచోట జరిగినట్టేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది.

ఒక గీత మాత్రం గుర్తుంచుకోవాలి. మనల్ని విమర్శించే ఖాతా, వ్యంగ్యమని స్పష్టంగా చెప్పుకున్న ఖాతా నకిలీ ఖాతా కావు. నోరు నొక్కడానికి రిపోర్ట్ బటన్ వాడటం మన మీద ఇతరులు చేస్తున్న పనే. అది మనం చేయకూడదు.

వచ్చే సమావేశంలో చేయవలసినవి

ముందుగా ప్రస్తుతం ఉన్న ఖాతాలన్నీ, ఒక్కోటి ఎవరి ఈమెయిల్‌తో, ఎవరి నంబర్‌తో ఉందో కాగితం మీద రాయండి. ఒక స్పెల్లింగ్ తీర్మానించండి. 15 అక్షరాల్లో పట్టే పేరును వాడని వేదికల్లో కూడా తీసుకుని ఉంచి, అప్పుడప్పుడు లాగిన్ అవుతూ ఉండండి. వెబ్‌సైట్‌లో ఒక పేజీలో అధికారిక లింక్‌లన్నీ పెట్టి, ప్రతి ప్రొఫైల్ నుంచీ ఆ పేజీకి లింక్ ఇవ్వండి. కరపత్రం కింద, విరాళం రసీదు కింద అదే హ్యాండిల్ అచ్చు వేయండి. విరాళాలు సంఘం పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే తీసుకోండి. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు కనబడే పేరు సంఘం పేరో కాదో చూసుకోమని దాతలకు ముందే చెప్పండి.

ఇవన్నీ కలిపి ఒక మధ్యాహ్నం పని. ఘటన జరిగిన రోజు వీటిలో ఏదీ చేసే తీరిక ఉండదు.